నికోటిన్ దారి వెంట: ఒంగోలు పొగాకు మట్టితో మా ల్యాబ్ అనుభవం

ఒంగోలు, టంగుటూరు, కొండపి చుట్టుపక్కల ఏ బ్యారన్ (పొగాకు ఆకును వేడితో క్యూరింగు చేసే గది) వెనక్కి వెళ్లినా పొగాకు పొడి, విరిగిన ఈనెలు, గ్రేడింగులో తీసేసిన తుక్కు కుప్పగా పడి ఉంటుంది. ఏళ్లుగా వానకు తడిసి ఎండకు ఎండిన ఆ చోటి మట్టిలో నికోటిన్‌నే తిండిగా చేసుకున్న బ్యాక్టీరియా బతుకుతుంటాయి. వాటిని మట్టిలోంచి వేరు చేసి, నికోటిన్ మెట్టు మెట్టుకూ ఏ పదార్థంగా మారుతోందో, ఆ మెట్టును ఏ ఎంజైమ్ నడుపుతోందో చూసిన పద్ధతి ఇది. మొదటే చెప్పాల్సిన మాట ఒకటుంది. నికోటిన్ మాయమైందని తేల్చడం సులువు. మాయమై ఏమైందో తేల్చడమే కష్టం. దారి మధ్యలో ఎక్కడ ఆగిపోయినా నికోటిన్ రీడింగు సున్నాకే వస్తుంది కాబట్టి, అంతటితో ఆపేస్తే సగం పనే చేసినట్టు.

మట్టిని క్యూరింగు నడుస్తున్న రోజుల్లో తీశాం. పైన ఎండిన పొర పక్కకు నెట్టి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో చేతికి తడి తగిలే చోట తవ్వాం. కుప్ప అడుగున ఒకటి, కుప్పకు నాలుగడుగుల అవతల ఒకటి, పొగాకు వేయని చేలో ఒకటి. ఈ మూడోది పోలిక కోసం. నల్లరేగడి గడ్డ కట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగదు, గ్లవ్స్ వేసుకుని చిదమాలి. దిగడం లేదని ఓవెన్‌లో ఆరబెడితే మనకు కావాల్సినవే ముందు చచ్చిపోతాయి.

మీడియం, అంటే బ్యాక్టీరియాను పెంచే ద్రవం, లీటరుకు: డైపొటాషియం ఫాస్ఫేట్ ట్రైహైడ్రేట్ 13.3 గ్రాములు, మోనోపొటాషియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.2 గ్రాములు, సూక్ష్మ లోహాల ద్రావణం అర మిల్లీలీటరు. కార్బన్ లేదు, నైట్రోజన్ లేదు. ఆ రెండూ నికోటిన్ నుంచే రావాలి. బోరు నీళ్లతో కలిపితే ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే పాత్ర) లోంచి బయటికి తీసేసరికి అడుగున తెల్లటి మడ్డి. అంత ఫాస్ఫేట్‌లో నీటిలోని కాల్షియం కరిగి ఉండలేదు. డిస్టిల్డ్ వాటర్ వాడినా, మెగ్నీషియం సల్ఫేట్‌ను వేరుగా స్టెరిలైజ్ చేసి చల్లారాకే కలపాలి.

సూక్ష్మ లోహాల ద్రావణాన్ని లీటరు 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చేసుకోవాలి. అందులో సోడియం మాలిబ్డేట్ 0.1 గ్రాము, జింక్ సల్ఫేట్ 0.1 గ్రాము, కాల్షియం క్లోరైడ్, క్యూప్రిక్ క్లోరైడ్ 0.05 గ్రాము చొప్పున, మాంగనీస్ సల్ఫేట్ 0.008, ఫెర్రస్ సల్ఫేట్ 0.004 గ్రాములు. ఈ ఫార్ములాలో టంగ్‌స్టేట్ లవణం కూడా 0.05 గ్రాము వేస్తుంటారు. మేం వేయలేదు. మాలిబ్డినం కూర్చోవాల్సిన చోట టంగ్‌స్టన్ కూర్చుంటే ఎంజైమ్ పనిచేయదు. ఈ దారిలో మాలిబ్డినం ఎంత ముఖ్యమో కింద చెబుతాం.

నికోటిన్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకటి ప్రాణానికి. శుద్ధ నికోటిన్ నూనెలాంటి ద్రవం, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మంచుకు తడిసిన ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులు అయ్యేది కూడా ఇలా చర్మం నుంచి ఎక్కిన నికోటిన్ వల్లే. ఆకులోది ఇంత చేస్తే సీసాలోది ఎంత చేస్తుందో ఊహించుకోవచ్చు. నైట్రైల్ గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా మూత తీయొద్దు. నోటితో పిపెట్ పీల్చే అలవాటున్న చోట ఈ పని అసలే పెట్టుకోవద్దు. రెండోది ప్రయోగానికి. చవగ్గా, పొడిగా దొరుకుతుందని నికోటిన్ టార్ట్రేట్ లవణం కొంటే బ్యాక్టీరియా కార్బన్ కోసం నికోటిన్ జోలికి పోకుండా టార్ట్రేట్ తిని పెరుగుతాయి. ఫ్లాస్కు మబ్బుగా మారుతుంది, మనం పట్టేశాం అనుకుంటాం. నికోటిన్ మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. ద్రవ నికోటిన్‌నే తీసుకోవాలి. సాంద్రత 1.01 కాబట్టి మిల్లీలీటరంటే దాదాపు గ్రామే. ఆటోక్లేవ్‌లో పెట్టకుండా 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, మీడియం చల్లారాక కలపాలి.

ఎన్‌రిచ్‌మెంట్, అంటే నికోటిన్ తినేవాటినే పెంచి మిగతావాటిని వదిలించుకునే పని, ఇలా నడిపాం. 10 గ్రాముల మట్టిని 90 మిల్లీలీటర్ల సెలైన్‌లో అరగంట తిప్పి, తేరిన నీళ్లు 5 మిల్లీలీటర్లు తీసి, లీటరుకు 1 గ్రాము నికోటిన్ ఉన్న 50 మిల్లీలీటర్ల మీడియంలో వేశాం. ఫ్లాస్కు 250 మిల్లీలీటర్లది. 30 డిగ్రీలు, నిమిషానికి 150 చుట్లు. వారానికొకసారి 5 మిల్లీలీటర్లు తీసి కొత్త మీడియంలోకి, నికోటిన్ 1 నుంచి 2, తర్వాత 3 గ్రాములకు పెంచుతూ. మొదటి వారం మబ్బును నమ్మకూడదు. మట్టిలోంచి వచ్చిన సేంద్రియ పదార్థమే వారం రోజుల తిండికి సరిపోతుంది. మూడో మార్పిడి తర్వాత కూడా పెరిగినవే అసలువి. ఫ్లాస్కులో 50కి బదులు 150 మిల్లీలీటర్లు పోస్తే గాలి అందదు. ఈ దారికి ఆక్సిజన్ ఊపిరికే కాదు, నికోటిన్ అణువులోని ఉంగరం తెంచే ఎంజైమ్‌కు నేరుగా ముడిసరుకుగా కూడా కావాలి.

ఒంగోలు ఎండల్లో ఇంకో చిక్కు. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. గది 38 డిగ్రీలుంటే లోపల 30 పెట్టినా 38కి పైనే ఉంటుంది. ఏప్రిల్ దాటితే చల్లబరచగలిగే బీఓడీ ఇంక్యుబేటర్ లేకుండా ఈ పని సాగదు. కరెంటు పోయి షేకర్ రాత్రంతా ఆగిపోయిన ఫ్లాస్కులను మేం లెక్కలోకి తీసుకోలేదు, మళ్లీ మొదటినుంచి పెట్టాం.

ప్లేట్ మీద పరిచేటప్పుడు నికోటిన్ ఉన్న ప్లేట్ పక్కన నికోటిన్ లేని ప్లేట్ తప్పనిసరి. అగార్‌లోనే ఉండే మలినాలు తిని చిన్న చిన్న కాలనీలు వస్తాయి. రెండిటి మీదా ఒకే సైజులో పెరిగేది మనకు పనికిరాదు. ఈ వడపోత తర్వాత రెండు రకాలు మిగిలాయి, రెండూ కుప్ప అడుగు మట్టివే. వాటిని ద్రవంలో పెంచితే తేడా కంటికే కనిపించింది. ఒక ఫ్లాస్కు రెండో రోజుకు లేత పసుపు, ఆ తర్వాత అంచుల నుంచి నీలి మందు కలిపినట్టు నీలం తిరిగి, నాలుగో రోజుకు ముదిరి నల్లబడింది. రెండో ఫ్లాస్కులో నీలం ఊసే లేదు. కాస్త ఆకుపచ్చ, తర్వాత గోధుమ.

ఆ రెండు రంగులూ రెండు దారులు. నికోటిన్‌లో రెండు ఉంగరాలున్నాయి: ఆరు మూలల పిరిడిన్, అయిదు మూలల పైరోలిడిన్. ఇంటికి రెండు వాకిళ్లు ఉన్నట్టే. ఆర్థ్రోబ్యాక్టర్ నికోటినోవోరన్స్, ఇప్పటి పేరు పీనార్థ్రోబ్యాక్టర్, పిరిడిన్ వాకిట్లోంచి వెళుతుంది. సూడోమోనాస్ పుటిడా పైరోలిడిన్ వైపు నుంచి వెళుతుంది. రెండు దారులూ కలిపి నడిపే అగ్రోబ్యాక్టీరియం, షినెల్లా రకాలు కూడా ఉన్నాయి. మా మట్టిలో మాకవి దొరకలేదు.

నీలం దారి, అంటే ఆర్థ్రోబ్యాక్టర్‌ది, ముందు. నికోటిన్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ నీటి నుంచి ఆక్సిజన్ తీసుకుని పిరిడిన్ ఉంగరం ఆరో స్థానంలో హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు) తగిలిస్తుంది. అది 6-హైడ్రాక్సీనికోటిన్. దాని మీద 6-హైడ్రాక్సీ-ఎల్-నికోటిన్ ఆక్సిడేజ్ పనిచేశాక పైరోలిడిన్ ఉంగరం నీటితో తెరుచుకుని 6-హైడ్రాక్సీసూడోఆక్సీనికోటిన్ అవుతుంది. తర్వాత కీటోన్ డీహైడ్రోజినేజ్ రెండో హైడ్రాక్సిల్ పెడుతుంది. ఒక హైడ్రోలేజ్ దాన్ని నడిమికి తెంచుతుంది: ఒక ముక్క 2,6-డైహైడ్రాక్సీపిరిడిన్, ఇంకోటి మిథైలమినోబ్యుటిరేట్. బ్యాక్టీరియాకు తిండి ప్రధానంగా రెండో ముక్క నుంచే, అది సక్సినిక్ ఆమ్లంగా మారుతుంది. మొదటి ముక్క మరో హైడ్రాక్సిల్ ఎక్కించుకుని 2,3,6-ట్రైహైడ్రాక్సీపిరిడిన్ అవుతుంది. గాలి తగలగానే దాని రెండేసి అణువులు తమంతట తామే జతకట్టి నికోటిన్ బ్లూ అనే రంగుగా మారతాయి. ఫ్లాస్కు అంచుల్లో నీలం ముందు కనిపించింది అందుకే, గాలి అక్కడే ఎక్కువ.

ఈ ఎంజైమ్‌లను చేసే జన్యువుల ముఠా పీఏఓ1 అనే ప్లాస్మిడ్ (ప్రధాన క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్ఏ ఉంగరం) మీద ఉంటుంది. 1,65,000 బేస్ జతల పొడవు, 2003లో పూర్తిగా చదివారు. ఆచరణలో దీని అర్థం: న్యూట్రియంట్ అగార్ మీద పదే పదే తిరగేస్తే బ్యాక్టీరియా ప్లాస్మిడ్‌ను పారేసుకోవచ్చు, నికోటిన్ తినే గుణం దాంతో పాటే పోతుంది. కాలనీ చూడటానికి అలాగే ఉంటుంది, నీలం రాదు. కల్చర్‌ను నికోటిన్ ఉన్న స్లాంట్ (ట్యూబులో వాలుగా గడ్డకట్టించిన అగార్) మీదే ఉంచాలి. వేరు చేసిన మొదటి వారంలోనే 20 శాతం గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచాలి.

సూడోమోనాస్ దారి పొడవైంది. ఎస్16 అనే రకంలో దీన్ని చివరిదాకా విప్పారు. మొదట నిక్‌ఏ2 అనే ఎంజైమ్ రెండు హైడ్రోజన్లు తీసేసి ఎన్-మిథైల్‌మయోస్మిన్ చేస్తుంది. అది నీటితో తనంతట తానే తెరుచుకుని సూడోఆక్సీనికోటిన్ అవుతుంది. నిక్‌ఏ2 ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఒక సైటోక్రోమ్-సి ప్రోటీన్‌కు ఇస్తుందని 2021లో తేలింది. శుద్ధి చేసిన ఎంజైమ్‌ను ఉత్త గాలిలో కొలిస్తే నత్తనడక నడిచేది అందుకే. తర్వాత ఒక అమీన్ ఆక్సిడేజ్ మిథైలమీన్‌ను విడగొడుతుంది. మిగిలిన ఆల్డిహైడ్‌ను డీహైడ్రోజినేజ్ 3-సక్సినోయిల్‌పిరిడిన్‌గా మారుస్తుంది. ఎస్‌పీఎమ్ అనే మాలిబ్డినం ఎంజైమ్ ఆరో స్థానంలో హైడ్రాక్సిల్ పెడితే అది 6-హైడ్రాక్సీ-3-సక్సినోయిల్‌పిరిడిన్, ఇక నుంచి హెచ్‌ఎస్‌పీ అంటాం. హెచ్‌ఎస్‌పీబీ అనే హైడ్రాక్సిలేజ్ ఎన్ఏడీహెచ్ (కణంలో ఎలక్ట్రాన్లు మోసే పదార్థం) ఖర్చుపెట్టి దాన్ని 2,5-డైహైడ్రాక్సీపిరిడిన్‌గా, సక్సినిక్ ఆమ్లంగా చీలుస్తుంది. మొదటిదాన్ని డీహెచ్‌పీ అందాం. హెచ్‌పీఓ అనే ఇనుప ఎంజైమ్ డీహెచ్‌పీ ఉంగరాన్ని ఆక్సిజన్‌తో తెంచి ఎన్-ఫార్మైల్‌మెలియామిక్ ఆమ్లం చేస్తుంది. దాంట్లోంచి ఫార్మిక్ ఆమ్లం పోతే మెలియామిక్ ఆమ్లం, అమ్మోనియా పోతే మెలియిక్ ఆమ్లం. చివర ఐసోమరేజ్ దాన్ని ఫ్యుమారిక్ ఆమ్లంగా తిప్పి, కణం శక్తి తీసే క్రెబ్స్ వలయంలోకి పంపుతుంది.

లెక్క సరిచూసుకోవడానికి ఒక చక్కని ఉపాయం: నికోటిన్‌లో పది కార్బన్లు. మిథైలమీన్‌లో ఒకటి, సక్సినిక్ ఆమ్లంలో నాలుగు, ఫార్మిక్ ఆమ్లంలో ఒకటి, ఫ్యుమారిక్ ఆమ్లంలో నాలుగు. మొత్తం పది. నైట్రోజన్లు రెండు: ఒకటి మిథైలమీన్‌లో, ఒకటి అమ్మోనియాలో. లీటరుకు 1 గ్రాము నికోటిన్ అంటే 6.2 మిల్లీమోలార్. దారి పూర్తిగా నడిస్తే ప్రతి ముక్కా అంతే రావాలి, కణాలు తినేసిన వాటా మినహా.

ఇప్పుడు మాలిబ్డినం సంగతి. ఒకసారి మాలిబ్డేట్ వేయకుండా కలిపిన సూక్ష్మ లోహాల ద్రావణంతో రెండు కల్చర్లూ నడిచాయి. మొదటి మార్పిడిలో తేడా తెలియలేదు, పాత కణాలు మోసుకొచ్చిన మాలిబ్డినం సరిపోయింది. మూడో మార్పిడికి రెండూ పెరగడం మానేశాయి, కానీ మానేసిన తీరు వేరు. ఆర్థ్రోబ్యాక్టర్ ఫ్లాస్కులో నికోటిన్ ఎక్కడిదక్కడే ఉంది, మొదటి మెట్టే మాలిబ్డినం ఎంజైమ్ మీద నడుస్తుంది కాబట్టి. సూడోమోనాస్ కణాలను కడిగి నికోటిన్ ఇస్తే మాత్రం నికోటిన్ మామూలుగానే తగ్గిపోయింది. మబ్బు మాత్రం పెరగలేదు. పదార్థాలను మచ్చలుగా విడదీసే ప్లేట్ క్రోమటోగ్రఫీలో చూస్తే 3-సక్సినోయిల్‌పిరిడిన్ మచ్చ గట్టిగా వచ్చింది. మొదటి మూడు మెట్లకు మాలిబ్డినం అక్కర్లేదు, నాలుగోదానికి కావాలి. అక్కడిదాకా బ్యాక్టీరియాకు దక్కింది ఒక మిథైలమీన్ మాత్రమే, ఇక పెరుగుదల ఎక్కడిది? నికోటిన్ రీడింగు ఒక్కటే చూసి ఉంటే ఆ ఫ్లాస్కును బ్రహ్మాండం అని రాసుకునేవాళ్లం.

మెట్లను చూడటానికి పెరుగుతున్న కల్చర్ కన్నా కడిగిన కణాలు నయం. పెరుగుదల చివరి దశలో కణాలను 4 డిగ్రీల దగ్గర నిమిషానికి 6,000 చుట్లతో 10 నిమిషాలు తిప్పి, 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7తో రెండుసార్లు కడగాలి. 600 నానోమీటర్ల దగ్గర మబ్బు 5 వచ్చేలా అదే బఫర్‌లో కలిపి, లీటరుకు గ్రాము నికోటిన్ వేసి 0, 15, 30, 60, 120, 180 నిమిషాలకు శాంపిల్ తీయాలి. తీసిన వెంటనే కణాలను వేరు చేయకపోతే ట్యూబులోనే చర్య నడుస్తూ ఉంటుంది. మొదట్లో ఆరు శాంపిళ్లూ ఐస్ మీద పోగుచేసి ఒకేసారి తిప్పాం. సున్నా నిమిషాల శాంపిల్‌లోనే నికోటిన్ తగ్గి కనిపించింది.

నికోటిన్ కొలతకు శాంపిల్‌ను 0.05 నార్మల్ ఆమ్లంలో 50 రెట్లు పలచన చేసి 259 నానోమీటర్ల యూవీ కాంతిని ఎంత పీలుస్తుందో చదవాలి. లీటరుకు గ్రాముకు 34.3 చొప్పున లెక్క, అంటే 20 మిల్లీగ్రాములకు 0.69 దగ్గర రావాలి. రాకపోతే పలచనలో తప్పుంది. పక్కన వేరే పదార్థాలు ఉన్నప్పుడు 236, 282 దగ్గర కూడా చదివి, వాటి సగటును 259 రీడింగులోంచి తీసి, 1.059తో గుణించాలి. దారిలో పుట్టే పదార్థాలు ఇదే ప్రాంతంలో కాంతిని పీలుస్తాయి కాబట్టి ఈ దిద్దుబాటు కూడా సగం సాయమే. 220 నుంచి 400 వరకు మొత్తం స్కాన్ తీసి చూడాలి. శిఖరం 259 నుంచి 275 వైపు జరుగుతుంటే హెచ్‌ఎస్‌పీ పోగవుతోందని గుర్తు. 320 దగ్గర మూపు లేస్తే డీహెచ్‌పీ. దాన్ని ఆమ్లంలో కాకుండా పీహెచ్ 7లో, తీసిన క్షణమే చదవాలి. గాలి తగిలితే గోధుమ రంగుకు తిరిగి పాడవుతుంది. రెండో ఫ్లాస్కు రంగు మారడానికి కారణం కూడా అదే.

స్కాన్‌ను తేల్చడానికి టీఎల్‌సీ, అంటే పైన చెప్పిన ప్లేట్ క్రోమటోగ్రఫీ. ఫ్లోరొసెంట్ సిలికా ప్లేటు, క్లోరోఫాం 30, ఇథనాల్ 15, మిథనాల్ 2, అర మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 1.5 పాళ్లు. 254 నానోమీటర్ల లైటు కింద ఆకుపచ్చగా మెరిసే ప్లేటు మీద నల్ల మచ్చలు. తర్వాత నికోటిన్ లాంటి ఆల్కలాయిడ్లకు రంగు తెప్పించే డ్రాజెన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే నికోటిన్ మచ్చ నారింజ రంగుకు వస్తుంది. శుద్ధ నికోటిన్ పక్కనే పెట్టకుండా ఏ మచ్చకూ పేరు పెట్టకూడదు.

డీహెచ్‌పీని పట్టి నిలపాలంటే 2,2'-డైపిరిడిల్ 1 మిల్లీమోలార్ వేయాలి. అది ఇనుమును లాగేసుకుంటుంది, హెచ్‌పీఓ ఆగుతుంది, డీహెచ్‌పీ పోగవుతుంది. కానీ డైపిరిడిల్ కూడా యూవీని గట్టిగా పీలుస్తుంది. కణాలు లేకుండా డైపిరిడిల్ మాత్రమే ఉన్న బ్లాంక్ పెట్టకపోతే స్కాన్ చదవడం కుదరదు.

కణాలను సోనికేటర్‌తో (శబ్ద తరంగాలతో) పగలగొట్టి ఎంజైమ్‌లను కొలిచేటప్పుడు మూడు చోట్ల దెబ్బ తగిలింది. హెచ్‌ఎస్‌పీబీని 340 దగ్గర ఎన్ఏడీహెచ్ తగ్గుదలతో కొలుస్తాం. అయితే శుద్ధి చేయని రసంలో వేరే ఎంజైమ్‌లు కూడా ఎన్ఏడీహెచ్‌ను కాల్చేస్తుంటాయి. హెచ్‌ఎస్‌పీ వేయని క్యువెట్‌లో (కాంతి కొలిచే చిన్న గాజు గొట్టంలో) ఎంత తగ్గిందో చూసి అది తీసేయాలి. పైగా పుట్టే డీహెచ్‌పీ 320 దగ్గర పీలుస్తూ 340 రీడింగులోకి కూడా పాకుతుంది, అసలు వేగం తక్కువగా కనిపిస్తుంది. హెచ్‌పీఓ అయితే గంటలో నీరసించిపోతుంది. దానిలోని ఫెర్రస్ ఇనుము గాలికి ఫెర్రిక్ అవుతుంది. అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్, కొంచెం ఆస్కార్బిక్ ఆమ్లం ఇస్తే తేరుకుంటుంది. నిన్నటి ఫెర్రస్ సల్ఫేట్ పసుపు తిరిగి ఉంటే పారబోయాలి. అన్నిటికన్నా ముచ్చటగా ఉండేది ఆర్థ్రోబ్యాక్టర్ నికోటిన్ డీహైడ్రోజినేజ్ కొలత. డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్ అనే రంగు కలిపిన క్యువెట్ సిరా నీలంగా ఉంటుంది. నికోటిన్ చుక్క పడ్డాక కళ్లముందే తేలికపడి రంగు కోల్పోతుంది, 600 దగ్గర ఆ తగ్గుదలే వేగం.

ఇదంతా తుక్కు కుప్పకు ఎలా పనికొస్తుందని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కుప్పలో 50 నుంచి 60 శాతం తేమ ఉంచి, గాలి ఆడేలా వారానికోసారి తిరగేస్తే ఈ బ్యాక్టీరియా పనిచేస్తాయి. బ్యారన్ బూడిద మాత్రం కలపొద్దు. నికోటిన్ పీకేఏ (సగం లవణంగా, సగం స్వేచ్ఛగా ఉండే పీహెచ్) 8 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7లో పదకొండు పాళ్లలో పది లవణ రూపంలో కదలకుండా ఉంటాయి. పీహెచ్ 9 అయితే అదే పది పాళ్లు స్వేచ్ఛగా మారి ఆవిరవుతాయి. బూడిద కలిపిన కుప్పలో నికోటిన్ వేగంగా తగ్గినట్టు కనిపిస్తుంది, అది బ్యాక్టీరియా తిన్నది కాదు, కుప్ప తిరగేసే మనిషి ముక్కులోకి పోయింది. అందుకే బ్యాక్టీరియా కలపని కుప్ప ఒకటి పోలికకు పక్కన పెట్టి, రెండిటి పీహెచ్ కూడా రాసుకోవాలి. కుప్పలోని నికోటిన్‌ను నేరుగా యూవీలో చదవడం కూడా కుదరదు, పొగాకు రసంలోని పాలీఫినాల్స్ అదే చోట అడ్డొస్తాయి. క్షారం వేసి ఆవిరితో బట్టీ పట్టి, ఆమ్లంలోకి దించి అప్పుడు చదవాలి. బట్టీ పట్టాక మిగిలిన నీళ్లు పారబోయకుండా టీఎల్‌సీకి ఉంచుకోవాలి, హెచ్‌ఎస్‌పీ లాంటి ఆమ్లాలు ఆవిరితో పైకి రావు, అందులోనే ఉండిపోతాయి.

నికోటిన్ పోయిన ఎరువును కూడా పొగాకు నారుమళ్లకు, మిరప, టమాటా చేలకు వేయొద్దు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకు తుక్కులో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది, ఈ బ్యాక్టీరియాకు దానితో పని లేదు.